ఆ ముగ్గురూ పడవెక్కిన రాత్రి: అమెరికా అంతర్యుద్ధం అసలు దేనికోసం?

1861 మే 23. అమెరికా నుంచి విడిపోవాలా వద్దా అని వర్జీనియా రాష్ట్రంలో ఆ రోజు ఓటింగ్ జరిగింది. విడిపోదామనే జనం తేల్చారు. జనం అంటే తెల్ల మగవాళ్లు. ఓటు సంగతి అటుంచి, తమ ఒంటి మీద తమకే హక్కు లేని ముగ్గురు నల్లవాళ్లు ఆ రాత్రే ఇంకో నిర్ణయం తీసుకున్నారు. వాళ్ల పేర్లు ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మెలోరీ, జేమ్స్ టౌన్సెండ్. యజమాని వాళ్లను, అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి ఫిరంగి దిబ్బలు కట్టే పనికి అద్దెకిచ్చాడు. త్వరలో అక్కణ్నుంచి నార్త్ కరొలైనాకు తోలుకుపోతారని చెవిన పడింది. వెళ్తే అయినవాళ్ల ముఖం మళ్లీ చూస్తామన్న నమ్మకం లేదు. చీకటి పడ్డాక ఒక చిన్న పడవలో నీళ్లు దాటి, ఎదుటి ఒడ్డున ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న మన్రో కోటకు చేరుకున్నారు.

కోటకు అధికారిగా బెంజమిన్ బట్లర్ అంతకు ముందు రోజే దిగాడు. మసాచుసెట్స్ లాయరు, రాజకీయాల్లోంచి సైన్యంలోకి వచ్చినవాడు. బానిసల మీద ప్రత్యేకంగా జాలి ఉన్న మనిషేమీ కాదు. ఏడాది కిందట డెమొక్రాటిక్ పార్టీ సభలో అధ్యక్ష అభ్యర్థిగా జెఫర్సన్ డేవిస్‌కు ఓటేసింది ఇతనే, అదీ ఒకటికి యాభైసార్లకు పైగా. ఆ డేవిసే ఇప్పుడు అవతలి పక్షానికి అధ్యక్షుడు.

మర్నాడు యజమాని తరఫున ఒక మేజరు తెల్లజెండా పట్టుకుని వచ్చాడు. పారిపోయిన బానిసల్ని తిరిగి అప్పగించాలని అమెరికా చట్టం ఉంది కదా, మా ముగ్గుర్నీ ఇచ్చెయ్యండి అన్నాడు. బట్లర్‌లోని లాయరు నిద్రలేచాడు. మాది వేరే దేశం అన్నది మీరే కదా, వేరే దేశానికి మా చట్టంతో పనేముంది అన్నాడు. మీ యజమాని ఇక్కడికొచ్చి అమెరికాకు విధేయుడినని ప్రమాణం చేస్తే అప్పుడు చూద్దాం అని కూడా ఒక మాట కలిపాడు. మీరు వీళ్లను ఆస్తి అంటున్నారు. ఆ ఆస్తితో నా మీదకు ఫిరంగి దిబ్బ కట్టిస్తున్నారు. శత్రువు యుద్ధానికి వాడే సరుకును జప్తు చేసుకునే హక్కు సైన్యానికి ఉంది. ఇదీ ఆయన తర్కం.

గమనించండి, ఇందులో ఎక్కడా వాళ్లు మనుషులు అన్న మాట లేదు. సరుకు అన్న వాదనతోనే సరుకును పట్టుకున్నాడు. కానీ కబురు పాకింది. రెండు మూడు రోజుల్లో పదుల సంఖ్యలో జనం. ముసలివాళ్లు, చంకలో పిల్లల్ని వేసుకున్న తల్లులు. రెండు నెలలు తిరిగేసరికి దాదాపు 900 మంది.

అమెరికా అంతర్యుద్ధం బానిసత్వం గురించేనా కాదా అన్న వాదన ఎప్పుడు లేచినా నాకు ఈ ముగ్గురే గుర్తుకొస్తారు. ఆ వాదన ఇంత చిక్కుబడటానికి కారణం, రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేసుకోవడం. దక్షిణాది ఎందుకు విడిపోయింది అన్నది ఒకటి. ఉత్తరాది ఎందుకు తుపాకీ పట్టింది అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు బానిసత్వం. అందులో దాపరికం ఏమీ లేదు, వాళ్లే రాసి సంతకాలు పెట్టారు. రెండోదానికి మొదట్లో జవాబు దేశాన్ని నిలుపుకోవడం, అంతే. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చింది లింకన్ ఒక్కడే కాదు. పడవలెక్కి, అడవులు పట్టి, కాలినడకన వచ్చిపడ్డ ఆ లక్షల మంది కూడా.

పింజ కథ

ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన ఇరవై మందికి పైగా మనుషుల్ని ఇంగ్లీషు వాళ్ల వర్జీనియాలో మొదటిసారి దించింది 1619లో. దించిన చోటు పాయింట్ కంఫర్ట్. సరిగ్గా ఆ చోటే తర్వాత మన్రో కోట లేచింది. చరిత్రలో ఇలాంటి కాకతాళీయాలు కథలో రాస్తే ఎవరూ నమ్మరు.

1787లో రాజ్యాంగం రాసుకున్నప్పుడు పెద్దలు బానిస అన్న మాటను ఆ కాగితం మీద పడనివ్వలేదు. సిగ్గు ఉంది, లాభం వదులుకునే ఉద్దేశం మాత్రం లేదు. మాట లేకుండానే ఏర్పాట్లన్నీ చేశారు. పారిపోయినవాణ్ని తిరిగి అప్పగించాలి. 1808 దాకా విదేశాల నుంచి దిగుమతిని కేంద్రం ఆపకూడదు. జనాభా లెక్కలో అయిదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కేసి ఆ మేరకు సీట్లివ్వాలి. అంటే ఓటు లేని బానిస తలకాయ, తన యజమాని రాష్ట్రానికి పార్లమెంటులో బలం పెంచింది.

అప్పట్లో చాలామంది బానిసత్వం దానంతటదే అరిగిపోతుందని అనుకున్నారు. పొగాకు సాగులో నేల సారం పోయింది, లాభం తగ్గింది. ఈలోగా 1793లో ఇలై విట్నీ అనేవాడు దూది నుంచి గింజ తీసే యంత్రం తయారుచేశాడు. గుంటూరు, ఆదిలాబాద్ వైపు వాళ్లకు జిన్నింగ్ మిల్లు గురించి విడిగా చెప్పక్కర్లేదు. అమెరికా లోతట్టు నేలల్లో పండేది పొట్టి పింజ పత్తి. గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది, చేత్తో ఒలిస్తే ఒక మనిషికి రోజంతా కలిపి పౌను దూది రావడం గగనం. విట్నీ యంత్రంతో యాభై పౌన్లు తీయొచ్చు. గింజ తీసే పని తేలికైంది, సరే. మరి చేలో పత్తి ఏరడం? అది చేతులతోనే చెయ్యాలి. యంత్రం బానిస చాకిరీని తగ్గిస్తుందనుకుంటే వంద రెట్లు పెంచి కూర్చుంది.

1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 39 లక్షలు దాటారు. చట్టప్రకారం దిగుమతి 1808లోనే ఆగిపోయింది కాబట్టి ఇందులో ఎక్కువ భాగం అక్కడే పుట్టిన జనం. వర్జీనియా, మేరీల్యాండ్‌ల నుంచి మిసిసిపీ, అలబామా, లూసియానా పత్తి నేలలకు దాదాపు 10 లక్షల మందిని అమ్మేశారు, లేదా తోలుకుపోయారు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట. వర్జీనియాలో బానిసను బెదిరించడానికి కొరడా కూడా అవసరం లేదు, దక్షిణానికి అమ్మేస్తాను అన్న ఒక్క మాట చాలు. మన్రో కోటకు పారిపోయిన ముగ్గురి భయం ఇదే.

ఇక డబ్బు లెక్క. 1860లో ఆ బానిసల మొత్తం విలువను సుమారు 300 కోట్ల డాలర్లుగా చరిత్రకారులు లెక్కగట్టారు. దేశంలోని రైల్వేలూ కర్మాగారాలూ అన్నీ కలిపినా అంత లేదు. అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. ఇంత సొమ్ము ఎవరైనా నీతివాక్యాలకు కరిగి వదులుకుంటారా?

బానిస రాష్ట్రాలన్నీ కలిపి చూస్తే తెల్ల కుటుంబాల్లో బానిసలున్నవి సుమారు నాలుగో వంతే, మిగతావాళ్లు ఎందుకు పోరాడారు అని కొందరు అడుగుతారు. మిసిసిపీ, సౌత్ కరొలైనాల్లో అది దాదాపు సగం అన్నది పక్కన పెడదాం. బానిస లేని పేద తెల్లవాడికి కూడా ఆ ఏర్పాటులో ఒక వాటా ఉంది. ఎంత చితికిపోయినా తనకింద ఒకడున్నాడన్న ధీమా అది. కులం ఊరిని ఎలా నడుపుతుందో చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పాల్సిన పని లేదు.

చట్టాలతో వేసిన ముడులు

గొడవ అప్పటికే ఉన్న బానిసల గురించి కాదు, రాబోయే నేల గురించి. దేశం పడమటికి పెరుగుతోంది. కొత్త రాష్ట్రం ఏర్పడ్డ ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అన్న తగాదా. సెనేట్‌లో ఒక్కో రాష్ట్రానికి రెండు సీట్లు, అక్కడ తూకం తప్పితే దక్షిణాదికి దడ. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, ఆ పైన పడమటి నేలలో ఒక అక్షాంశ రేఖ గీసి దాని ఉత్తరాన బానిసత్వం వద్దన్నారు. ముప్ఫై ఏళ్లు నడిచింది. మెక్సికో మీద యుద్ధం చేసి కాలిఫోర్నియా దాకా నేల లాక్కున్నాక ఆ రేఖ చాల్లేదు.

1850లో ఇంకో రాజీ. కాలిఫోర్నియాను స్వేచ్ఛా రాష్ట్రంగా ఒప్పుకున్నందుకు బదులుగా దక్షిణాది పట్టుబట్టి తెచ్చుకున్నది పరారీ బానిసల చట్టం. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఉత్తరాది ఊళ్లో ఎవరైనా నల్లవాణ్ని చూపించి వీడు నా బానిస అంటే, కేసు జ్యూరీ ముందుకు రాదు, ఒక కమిషనర్ ముందుకొస్తుంది. పట్టుబడ్డవాడు తన తరఫున సాక్ష్యం చెప్పుకోవడానికి వీల్లేదు. కమిషనర్ అతన్ని బానిసే అని తేల్చి పంపిస్తే ఫీజు 10 డాలర్లు. కాదు, స్వతంత్రుడే అని వదిలేస్తే 5 డాలర్లు. పత్రాల పని ఎక్కువ కాబట్టి అని సాకు చెప్పారు. దారినపోయే పౌరుణ్ని కూడా పట్టుకోవడానికి సాయం రమ్మని పిలవచ్చు, రాకపోతే నేరం.

1854లో బోస్టన్‌లో ఆంథనీ బర్న్స్ అనే పరారీ బానిసను ఇలా పట్టుకున్నారు. విడిపించాలని జనం కోర్టు మీద పడ్డారు. ఆఖరికి అతన్ని ఓడ దాకా నడిపించడానికి కేంద్ర సైన్యాన్ని వీధుల్లో నిలబెట్టాల్సి వచ్చింది. అప్పటిదాకా బానిసత్వం ఎక్కడో దక్షిణాన ఉండే పాపం అనుకున్న వ్యాపారులు ఆ రోజు నల్లగుడ్డలు కట్టిన కిటికీల వెనక నుంచి దాన్ని కళ్లారా చూశారు.

ఆ ఏడాదే స్టీఫెన్ డగ్లస్ అనే సెనేటర్ పాత రేఖను చెరిపేసి, కాన్సాస్, నెబ్రాస్కాల్లో ఏం కావాలో అక్కడి జనమే తేల్చుకోవాలని చట్టం తెచ్చాడు. వినడానికి ప్రజాస్వామ్యంలాగే ఉంటుంది. జరిగిందేమిటంటే రెండు పక్షాలూ తుపాకులతో జనాన్ని కాన్సాస్‌కు తోలాయి. ఊళ్లు తగలబడ్డాయి. 1856లో సెనేట్ లోపలే, బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్న, బానిసత్వాన్ని వ్యతిరేకించే సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను దక్షిణాది సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్ర విరిగేదాకా బాదాడు. బ్రూక్స్‌కు అభిమానులు కొత్త చేతికర్రలు కానుకగా పంపారు.

మరుసటి సంవత్సరం, డ్రెడ్ స్కాట్ అనే బానిస తన స్వేచ్ఛ కోసం వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నల్లవాళ్లు అమెరికా పౌరులు కాలేరు, కేంద్రపాలిత నేలల్లో బానిసత్వాన్ని ఆపే అధికారం పార్లమెంటుకు లేదు అని. గొడవను శాశ్వతంగా తీర్చేద్దామనుకున్న ప్రధాన న్యాయమూర్తి టేనీ నిప్పు మీద నెయ్యి పోశాడు. 1859లో జాన్ బ్రౌన్ కొద్దిమందితో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి, బానిసల తిరుగుబాటు లేవదియ్యాలని చూసి, ఓడి, ఉరికంబమెక్కాడు. అతన్ని పట్టుకున్న దళానికి నాయకుడు, తర్వాత దక్షిణాది సేనాని అయిన రాబర్ట్ లీ. అప్పటికి ఆయన ఇంకా అమెరికా సైన్యాధికారే.

వాళ్లు రాసుకున్నదే చదువుదాం

1860 నవంబర్‌లో రిపబ్లికన్ అబ్రహాం లింకన్ గెలిచాడు. వచ్చిన ఓట్లు నూటికి నలభై కూడా లేవు, ప్రత్యర్థులు మూడు ముక్కలైనందువల్ల గెలుపు ఇంకా తేలికైంది. దక్షిణాదిలో చాలా రాష్ట్రాల్లో ఆయన పార్టీ బ్యాలటే లేదు. బానిసత్వాన్ని ఉన్నచోట ముట్టుకోను, కొత్త నేలల్లోకి రానివ్వను అన్నదే ఆయన మాట. దానికే డిసెంబర్ 20న సౌత్ కరొలైనా విడిపోయింది. ఫిబ్రవరి మొదలయ్యేసరికి మొత్తం ఏడు రాష్ట్రాలు.

తర్వాతి రోజుల్లో వినిపించిన వాదన ఏమిటంటే, ఇది రాష్ట్రాల హక్కుల కోసం, పన్నుల భారం మీద జరిగిన పోరాటం అని. విడిపోయినప్పుడు వాళ్లు ఏం రాసుకున్నారో చూస్తే చాలు. మా వైఖరి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది, ప్రపంచంలో అంతకు మించిన భౌతిక ప్రయోజనం లేదు అని మిసిసిపీ ప్రకటన మొదట్లోనే ఉంది. సౌత్ కరొలైనా ఫిర్యాదు ఇంకా తమాషాగా ఉంటుంది. ఉత్తరాది రాష్ట్రాలు తమ సొంత చట్టాలు చేసుకుని పరారీ బానిసల్ని అప్పగించడం లేదట. అంటే వాళ్ల ఏడుపు ఉత్తరాది రాష్ట్రాలు తమ హక్కులు వాడుకున్నాయనే. బర్న్స్‌ను పట్టుకోవడానికి కేంద్ర సైన్యం బోస్టన్‌లో దిగినప్పుడు రాష్ట్రాల హక్కులు ఎవరికీ గుర్తు రాలేదు.

కొత్త దేశం ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ 1861 మార్చిలో సవానాలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడికి సమానం కాడన్న సత్యమే మా ప్రభుత్వానికి మూలరాయి అన్నాడు. పాత రాజ్యాంగం సిగ్గుపడి దాటేసిన బానిస అన్న మాట వాళ్ల రాజ్యాంగంలో కుండబద్దలు కొట్టినట్టు ఉంది. బానిసల మీద ఆస్తిహక్కును తగ్గించే చట్టం ఏదీ చెయ్యరాదని నిబంధన కూడా. పోనీ పన్నులంటారా? 1857లో దిగుమతి సుంకాలు కొన్ని దశాబ్దాల్లోకెల్లా తక్కువకు దిగాయి. వాటిని పెంచిన చట్టం 1861 మార్చిలో వచ్చింది, అదీ దక్షిణాది సెనేటర్లు కుర్చీలు ఖాళీ చేసి వెళ్లిపోయాక.

1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. లింకన్ 75 వేల మంది సైనికులు కావాలన్నాడు. వర్జీనియాతో సహా మరో నాలుగు రాష్ట్రాలు అటు చేరాయి. మొత్తం పదకొండు. కెంటకీ, మిస్సోరీ, మేరీల్యాండ్, డెలవేర్‌లలో బానిసత్వం ఉన్నా అవి ఇటే ఉండిపోయాయి. ఆ నాలుగూ లింకన్ చేతులు కట్టేశాయి. బానిసల విముక్తి అన్న మాట ఎత్తితే అవి జారిపోతాయి, ఎత్తకపోతే సొంత పార్టీ వాళ్లే నిలదీస్తారు. అడకత్తెరలో పోకచెక్క.

నాలుగేళ్లు

ఉత్తరాదిలో సుమారు 2 కోట్ల 20 లక్షల జనం. దక్షిణాదిలో 90 లక్షలు, అందులో 35 లక్షలు బానిసలు. కర్మాగారాలూ రైళ్లూ ఓడలూ ఉత్తరాదివే. అయినా మొదటి రెండేళ్లు తూర్పున ఉత్తరాది తన్నులు తింటూనే ఉంది. 1861 జులైలో బుల్ రన్ దగ్గర మొదటి పెద్ద పోరు. వాషింగ్టన్ నుంచి పెద్దమనుషులు తినుబండారాల బుట్టలతో బళ్లు కట్టుకుని చూడటానికి వెళ్లి, సాయంత్రానికి ఓడి పరుగెత్తుతున్న సైనికులతో కలిసి దుమ్ములో పరుగెత్తారు. ఆ ప్రాంతం పేరు మనాసస్. ఇవాళ ఆ చుట్టుపక్కల, చాంటిల్లీ, ఆష్‌బర్న్ వైపు మన తెలుగువాళ్ల ఇళ్లు ఎన్నో. ఆఫీసులకు వెళ్లే 29, 50 నంబర్ల రహదారుల మీద కొన్నేళ్ల కిందటి దాకా జనరల్ లీ పేరు ఉండేది.

పడమట మాత్రం కథ వేరు. టెనెసీ, మిసిసిపీ నదుల వెంట యులిసిస్ గ్రాంట్ అనే అంతగా పేరులేని అధికారి ఒక్కో కోటా పడగొడుతూ దిగుతున్నాడు. న్యూ ఆర్లియన్స్ 1862 ఏప్రిల్‌లోనే చిక్కింది. సముద్రం వైపు నౌకాదళం రేవుల్ని మూసేసింది.

ఈ సైన్యాలు ఎటు కదిలితే అటు బానిసలు చేలు వదిలి వచ్చేస్తున్నారు. యుద్ధం ముగిసేసరికి అలా వచ్చినవాళ్లు సుమారు 5 లక్షలని అంచనా. వాళ్లు గుడారాల్లో రోగాలతో వేలల్లో చచ్చిపోయారు కూడా. మన్రో కోట దగ్గర ఒక ఓక్ చెట్టు కింద మేరీ పీక్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు పిల్లలకు అక్షరాలు దిద్దించింది. వర్జీనియాలో బానిసలకు చదువు చెప్పడం నేరం. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.

చార్లెస్టన్‌లో రాబర్ట్ స్మాల్స్ ఇంకా తెగించాడు. ప్లాంటర్ అనే ఆవిరి ఓడను దక్షిణాది సైన్యం కోసం నడిపే బానిస అతను. 1862 మే 13న తెల్ల అధికారులు ఊళ్లో పడుకున్న వేళ ఓడను కదిలించి, పక్క రేవులో పెళ్లాం పిల్లల్నీ తోటివాళ్ల కుటుంబాల్నీ ఎక్కించుకున్నాడు. కెప్టెన్ గడ్డి టోపీ తలకు పెట్టుకుని, ఆయనలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సమ్టర్ కోట ముందుకొచ్చేసరికి కూత సంకేతం తప్పకుండా ఇచ్చాడు. కోటవాళ్లు పొమ్మన్నారు. ఫిరంగులకు అందనంత దూరం వెళ్లాక దక్షిణాది జెండా దించి దుప్పటి ఎగరేశాడు. తాను బానిసగా పుట్టిన పెరటి ముందున్న యజమాని ఇంటినే అతను కొనుక్కున్నాడు, యుద్ధం తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు.

వచ్చినవాళ్లను ఏం చెయ్యాలన్న ప్రశ్న వాషింగ్టన్‌ను నిలవనివ్వలేదు. బట్లర్ లాయరు తెలివి ముందు సైన్యం పద్ధతి అయింది, ఆ పైన జప్తు చట్టాలు అయింది. 1862 ఏప్రిల్‌లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దు చేశారు. తలకు 300 డాలర్ల దాకా పరిహారం ఇచ్చారు. ఎవరికంటే, యజమానులకు.

ఆ ఆగస్టులో లింకన్ సంపాదకుడు హొరేస్ గ్రీలీకి రాసిన ఉత్తరాన్ని ఇప్పటికీ ఆయన మీద అస్త్రంగా వాడతారు. ఒక్క బానిసనూ విడిపించకుండా దేశాన్ని కాపాడగలిగితే అలాగే చేస్తాను, అందర్నీ విడిపిస్తేనే కాపాడగలనంటే అదీ చేస్తాను అని. చూశారా, ఆయనకు బానిసల గోడు పట్టలేదు అంటారు. నిజమే, ఆయన తెల్లవారి ఓట్లతో గెలిచిన రాజకీయ నాయకుడు. కానీ ఆ ఉత్తరం రాసేనాటికి విమోచన ప్రకటన ముసాయిదా ఆయన బల్ల సొరుగులో ఉంది. నెల కిందటే మంత్రులకు చదివి వినిపించాడు. ఒక గెలుపు దొరకనివ్వండి, ఓటమి మధ్య ప్రకటిస్తే చేతకానివాడి కేకలా ఉంటుంది అని సలహా ఇచ్చారు. ఉత్తరం జనాన్ని సిద్ధం చెయ్యడానికి వేసిన ఎత్తు.

గెలుపులాంటిది ఒకటి సెప్టెంబర్ 17న ఆంటీటమ్ దగ్గర దొరికింది. ఒక్క రోజులో రెండు వైపులా చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి సుమారు 23 వేలు. 1863 జనవరి 1న ప్రకటన అమల్లోకొచ్చింది. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకే అది వర్తిస్తుంది, ఇటున్న నాలుగు రాష్ట్రాల వాళ్లకు కాదు. తన చెయ్యి పారని చోట విడిపించి, పారేచోట వదిలేశాడని అప్పట్లోనే వెక్కిరించారు. అయితే అందులో ఒక వాక్యం ఉంది, నల్లవాళ్లను సైన్యంలో చేర్చుకుంటామని. దాదాపు 1 లక్షా 80 వేల మంది చేరారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు, వీళ్లకు 10, అందులో బట్టలకని 3 కోత. మసాచుసెట్స్ 54వ దళం ఆ జీతం తీసుకోనని ఏడాదికి పైగా జీతం లేకుండానే యుద్ధం చేసింది. 1864 జూన్‌లో జీతాలు సమానం చేశారు.

1863 జులై మొదటి వారం పోరు తిరగబడింది. మూడో తేదీన గెటిస్‌బర్గ్‌లో లీ ఓడాడు, నాలుగో తేదీన విక్స్‌బర్గ్ గ్రాంట్‌కు లొంగింది, కొద్ది రోజుల్లోనే మిసిసిపీ నది మొత్తం ఉత్తరాది చేతికొచ్చింది. పది రోజులు తిరక్కుండానే న్యూయార్క్‌లో అల్లర్లు. 300 డాలర్లు కడితే సైన్యంలో చేరకుండా తప్పించుకోవచ్చన్న నిబంధన మీద పేదల కోపం, అది పోయి నల్లవాళ్ల మీద పడింది. నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని తగలబెట్టారు. అవతల దక్షిణాదిలో ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి సైన్యం నుంచి మినహాయింపు. ధనికుల యుద్ధం, పేదల పోరు అన్న మాట రెండు వైపులా వినపడింది.

తర్వాతి ఏడాది నెత్తుటి ఏడాది. గ్రాంట్ తూర్పుకు వచ్చి లీని పట్టిన పట్టు విడవలేదు. ఉత్తరాది జనరల్ షెర్మన్ అట్లాంటాను పడగొట్టి, జార్జియా గుండా సముద్రం దాకా పంటలూ పట్టాలూ నాశనం చేసుకుంటూ పోయాడు. అట్లాంటా చిక్కడంతోనే లింకన్ మళ్లీ గెలిచాడు. ఓటమి అంచున దక్షిణాది నాయకులు బానిసలకే తుపాకులిద్దామా అని చర్చించారు. బానిసలు మంచి సైనికులు కాగలిగితే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే అని వాళ్ల జనరల్ హొవెల్ కాబ్ రాశాడు. అంతకన్నా సూటిగా ఎవరూ చెప్పలేరు.

1865 ఏప్రిల్ 9న అపొమటాక్స్‌లో లీ లొంగిపోయాడు, విల్మర్ మెక్లీన్ అనే వ్యాపారి ఇంటి ముందుగదిలో. ఈ మెక్లీన్ ఇల్లు మొదట బుల్ రన్ దగ్గర ఉండేది. ఫిరంగి గుండు వంటింటి పొయ్యిలో పడ్డాక ఈ గొడవ మనకొద్దని దూరంగా వచ్చి కాపురం పెట్టాడు. యుద్ధం ముగింపు కూడా ఆయన ఇంటికే వచ్చింది. అయిదు రోజులకు లింకన్‌ను కాల్చారు. చనిపోయిన సైనికులు 6 లక్షల 20 వేలని చాలాకాలం లెక్క, 2011లో వచ్చిన ఒక అంచనా 7 లక్షల 50 వేలు. ఎక్కువమంది పోయింది గుండు దెబ్బకు కాదు, రోగాలకు.

గోదావరి ఒడ్డుకు తాకిన అల

పత్తే రాజు, దాని మీద యుద్ధానికి ఎవరికీ దమ్ము లేదు అని 1858లో సౌత్ కరొలైనా సెనేటర్ హామండ్ సెనేట్‌లో సవాలు విసిరాడు. తమ పత్తి లేక ఇంగ్లండ్ మిల్లులు మూతపడితే బ్రిటన్ తమవైపు దిగుతుందన్నది వాళ్ల లెక్క. మాంచెస్టర్ చుట్టూ మిల్లులు మూతపడ్డమాటా, కూలీలు పస్తులున్నమాటా నిజం. బ్రిటన్ మాత్రం దిగలేదు. అంతకు ముందు రెండేళ్ల నిల్వలు కొంత ఆదుకున్నాయి, ఆ తర్వాత ఈజిప్టు, ఇండియా పత్తి. మన దగ్గర పత్తి ధర ఆకాశానికంటింది. కాకినాడ రేవు ఎదుగుదలలో ఆ యుద్ధకాలపు పత్తి గిరాకీకి పెద్ద వాటా ఉంది. 1865లో యుద్ధం ఆగిందనగానే ధర కుప్పకూలింది, బొంబాయిలో షేర్ల బేరాలు చేసినవాళ్లు దివాలా తీశారు. మిసిసిపీలో బానిస పత్తి ఏరడం ఆపేస్తే గోదావరి జిల్లా వర్తకుడు బాగుపడ్డాడు, వాడు మళ్లీ చేలోకి దిగగానే వీడు చితికాడు. ఇక 1873లో జోతిరావు ఫూలే తన గులాంగిరీ పుస్తకాన్ని బానిసల విముక్తికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ యుద్ధంలో మన కథ చదువుకున్న మొదటివాళ్లలో ఆయన ఒకడు.

మళ్లీ ఆ కోటలోనే

బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ 1865 డిసెంబర్‌కు ఆమోదం పొందింది. అంతకు ముందు జూన్ 19న టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో జనరల్ గ్రాంజర్ ఉత్తర్వు చదివించాడు. బానిసలంతా స్వతంత్రులు అన్న మొదటి వాక్యాన్నే ఇప్పుడు పండగ చేసుకుంటారు. అదే ఉత్తర్వు కింద భాగంలో, విడుదలైనవాళ్లు ఉన్నచోటే నోరు మెదపకుండా ఉండి కూలికి పనిచేసుకోవాలని ఉంది. ఆ ఏడాది చివరికే దక్షిణాది రాష్ట్రాలు పని ఒప్పందం లేని నల్లవాణ్ని తిరుగుబోతుగా పట్టుకుని జరిమానా వేసే చట్టాలు తెచ్చాయి. జరిమానా కట్టలేనివాడి చాకిరీని పాట పెట్టి తెల్లవాళ్లకు అప్పజెప్పేవారు.

దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ మే 10న జార్జియాలో పట్టుబడ్డాడు. ఓడలో తీసుకొచ్చి మే 22న ఖైదు చేసింది మన్రో కోటలో. మర్నాడు కాళ్లకు సంకెళ్లు బిగించారు. ఆ తేదీ మే 23, ముగ్గురు మనుషులు పడవెక్కి అదే కోటకు వచ్చి సరిగ్గా నాలుగేళ్లు. పెద్దమనిషికి సంకెళ్లా అని ఉత్తరాదిలోనే గోల లేచి, కొద్ది రోజులకే తీసేశారు. రెండేళ్లకు లక్ష డాలర్ల పూచీకత్తు మీద వదిలారు. పూచీ పడ్డవాళ్లలో హొరేస్ గ్రీలీ ఒకడు, ఒకప్పుడు జాన్ బ్రౌన్‌కు డబ్బు సాయం చేసిన గెరిట్ స్మిత్ ఇంకొకడు. విచారణ జరగనే లేదు. డేవిస్ 1889 దాకా బతికాడు. తీరిగ్గా కూర్చుని తన జ్ఞాపకాల చరిత్ర రాస్తూ, ఈ పోరాటానికి బానిసత్వం కారణం కానే కాదు, అది ఒక యాదృచ్ఛిక విషయం మాత్రమే అన్నాడు.